అలమరలు లేని అద్దె ఇంట్లో బట్టలకు చోటు: మూడు ప్లై షీట్లు, రెండు స్టాండ్లు

మీ ప్రశ్నలో ఉన్నది ఇదీ: తిరుపతిలో కొర్లగుంట వైపు పాత మిద్దె ఇల్లు, కింది పోర్షన్, రెండు గదులు. గోడల్లో ఒక్క అలమర కూడా లేదు. నలుగురి బట్టలు దండెం మీద, ప్లాస్టిక్ కుర్చీల మీద ఉంటున్నాయి. ఓనరు గోడలకు చిల్లులు కొట్టనివ్వరు. రెండు మూడేళ్లలో ఇల్లు మారే అవకాశం ఉంది. వానలప్పుడు ఒక గోడ చెమ్మ పడుతోంది. ఇనప బీరువా కొనాలా, వడ్రంగితో చేయించాలా అని అడిగారు.

వడ్రంగితోనే చేయించండి. అయితే తలుపులున్న పెద్ద వార్డ్‌రోబ్ వద్దు. బోల్టులు విప్పితే పలకలుగా విడిపోయే రెండు స్టాండ్లు చేయించండి. ఒకటి హ్యాంగర్లకు, ఒకటి మడత బట్టలకు. రెండింటికీ వెనక పలక ఉండదు, ముందు నూలు గుడ్డ తెర ఉంటుంది. మీ ఇంట్లో బట్టలకు అసలు శత్రువు చోటు లేకపోవడం కాదు, గాలి ఆడకపోవడం. గోడకు బిగించి, వెనక మూసేసి, నేలకు ఆనించి ఎంత ఖరీదైన చెక్కతో చేయించినా మొదటి కార్తీక మాసానికే బట్టలు ముక్కిపోయిన వాసన కొడతాయి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో చూశాం. కింది పోర్షన్‌లో ఉండేవాళ్లు ఏది చేయించినా ఆ మూడు నెలలను లెక్కలోకి తీసుకునే చేయించాలి.

బీరువా ఉంటే మంచిదే. పట్టుచీరలు, కాగితాలు, తాళం వేయాల్సినవి అందులో పెట్టుకోవచ్చు. రోజువారీ బట్టలకు మాత్రం అది పనికిరాదు. లోతు తక్కువ కాబట్టి చాలావాటిలో చొక్కా వేసిన హ్యాంగర్ అడ్డంగా పట్టదు. వాన ఉదయాల్లో చల్లటి రేకు లోపల చెమ్మ చేరుతుంది. పెయింటు లేచిన చోట తుప్పు మరక బట్టకు అంటితే తేలిగ్గా పోదు.

ముందు గోడ సంగతి

స్టాండు ఏ గోడ పక్కన పెట్టాలో చెక్క కొనకముందే తేల్చుకోండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పాలిథిన్ ముక్కను గోడకు, నేల నుంచి అడుగు ఎత్తులో, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు వదిలేయండి. పాలిథిన్ లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోందని అర్థం. గది వైపు మాత్రమే తడి ఉంటే అది గదిలోని గాలి తేమ, కిటికీ తెరిచి పెడితే తగ్గేది. మొదటి రకం గోడ పక్కన స్టాండు పెట్టొద్దు. బాత్రూముకు ఆనుకున్న గోడ పైకి పొడిగా కనిపించినా వదిలేయండి. ఆ మధ్య గోడలు ఎక్కువగా నాలుగున్నర అంగుళాలవే ఉంటాయి, అవతలి టైల్సు సందుల్లోంచి నీళ్లు ఇవతలికి వస్తూనే ఉంటాయి.

జీవకోన లాంటి కొండ కింది వీధుల్లో ఉన్నవాళ్లు వాన వెలిసిన వారం తర్వాత కూడా ఇదే పరీక్ష ఇంకోసారి చేసుకోవాలి. కొండ మీంచి దిగే నీళ్లు నేల లోపల ఆలస్యంగా చేరి, వాన ఆగాక గోడ ఎక్కుతాయి.

గోడ మీద సన్నటి మట్టి గొట్టాలు పాకి ఉంటే అవి చెదల దారులు. వాటిని గీకేస్తే సరిపోదు. ముందు మందు పెట్టించాకే చెక్క తేవాలి. వాసాలు, మట్టి అడుసుతో కట్టిన పాత గోడలు ఉన్న మిద్దెల్లో ఇది మరీ ముఖ్యం.

ఇక చిల్లుల సంగతి. ఈ స్టాండ్ల బరువంతా నేల మీదే ఉంటుంది. పడకుండా పట్టి ఉంచడానికి మాత్రం ఒక్కోదానికి గోడకు ఒక్క చిల్లు కావాలి. ఓనరుతో ఆ రెండు చిల్లుల వరకూ ఒప్పించండి. ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి ఇస్తామని చెప్తే ఎక్కువ మంది కాదనరు.

ప్లై కొనేటప్పుడు

కావలసినవి 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీట్లు మూడు, 18 ఎంఎం మందం. ఐఎస్ 303 గుర్తున్న బీడబ్ల్యూఆర్ రకం, అంటే మరిగే నీటికీ తట్టుకునేది, చాలు. ఐఎస్ 710 మెరైన్ ప్లై బట్టల స్టాండుకు అక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. అంతకన్నా తక్కువదైన ఎంఆర్ రకం, అంటే తేమకు మాత్రమే తట్టుకునేది, కింది పోర్షన్‌కు వద్దు. పార్టికల్ బోర్డు అసలే వద్దు. నేల తుడిచిన నీళ్లు అంచులోకి దిగితే రొట్టెలా ఉబ్బుతుంది, మరలు పట్టు వదిలేస్తాయి, మళ్లీ విప్పి బిగించడం కుదరదు.

షాపులోనే టేపు పెట్టి మందం కొలవండి. 18 అని చెప్పి 16 ఇచ్చేవి ఉంటాయి. షీటును నిలబెట్టి అంచు వెంట చూడండి. పొరల మధ్య వేలిగోరు దిగేంత సందులు కనిపిస్తే వదిలేయండి. వేలి కణుపుతో కొట్టుకుంటూ పోతే ఒకచోట డొల్ల శబ్దం వస్తుంది, అక్కడ లోపల పొర లేదు. ఒక్కో షీటు ముప్పై కిలోల పైమాటే. దారి ఇరుకైతే షాపులోనే కోయించి ముక్కలుగా తెచ్చుకోవడం మేలు.

కోత లెక్క

లోపలి వెడల్పు 31½ అంగుళాలు అని చెప్పండి, అది మార్చొద్దు. షీటు పొడవు 96 అంగుళాలు. అందులో 31½ ముక్కలు సరిగ్గా మూడు వస్తాయి, రంపం తినే మందం పోగా ఇంకా అంగుళం మిగులుతుంది. మూడడుగులు చేయించాలని చాలామంది అంటారు. అప్పుడు వరసకు రెండే ముక్కలు వచ్చి, సుమారు రెండడుగుల ముక్క వృథా అవుతుంది, నాలుగో షీటు కొనాల్సి వస్తుంది. పైగా పొడవు పెరిగే కొద్దీ మధ్యలో అర కుంగుతుంది, రాడ్డు వంగుతుంది.

మొదటి షీటు: ముందు 78 అంగుళాల దగ్గర అడ్డంగా కోసి, ఆ పెద్ద ముక్కను పొడవున చీల్చి 23½ అంగుళాల వెడల్పు, 78 అంగుళాల ఎత్తున్న రెండు పక్క పలకలు. ఇవి హ్యాంగర్ల స్టాండువి. చివర మిగిలే 17¾ అంగుళాల ముక్కలోంచి 31½ పొడవు, 5 అంగుళాల వెడల్పున్న పట్టీలు మూడు.

రెండో షీటు: పొడవున 15¾ అంగుళాల వెడల్పున్న మూడు పట్టాలు. రెండింటిలోంచి 78 అంగుళాల పక్క పలకలు రెండు, అరల స్టాండుకు. మూడో పట్టాలోంచి 31½ పొడవున్న అరలు మూడు.

మూడో షీటు: ముందు 23½ వెడల్పు పట్టా తీసి మూడు ముక్కలు చేయాలి, హ్యాంగర్ల స్టాండుకు పైది, మధ్యది, కిందిది. తర్వాత 15¾ పట్టా తీసి ఇంకో మూడు అరలు. మిగిలిన 8½ అంగుళాల పట్టాను 4 అంగుళాల చొప్పున రెండుగా చీల్చి, ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేస్తే ఆరు పట్టీలు.

కోసే అతనికి ఈ క్రమం రాసి ఇవ్వండి. మొదటి షీటును ముందే పొడవునా చీల్చేస్తే 31½ పట్టీలు రావు. కోతకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, రంపానికి పోతుందని పై కొలతల్లో చూసే ఉంచాను. పాత చేతి మిషను మందంగా తింటుంది, సందు చాలకపోతే ముందే చెప్తారు. అప్పుడు 15¾ ను 15½ చేయండి, 23½ మాత్రం తగ్గించొద్దు.

ఎందుకంటే పెద్దవాళ్ల హ్యాంగర్ 17 నుంచి 18 అంగుళాలు ఉంటుంది. దాని మీద చొక్కా వేస్తే భుజాలు ఇంకొంచెం బయటికి వస్తాయి. లోతు 22 కన్నా తగ్గితే తెర ఎప్పుడూ చేతులకు రాసుకుంటూ, హ్యాంగర్లు ఏటవాలుగా తిరుగుతాయి. మడత బట్టలకు దీనికి ఎదురు లెక్క. లోతు 15¾ చాలు. 24 అంగుళాల లోతు అరలో బట్టలు రెండు వరసలు అవుతాయి, వెనక వరసలో ఏముందో ఆర్నెల్లకు మీకే తెలియదు, వాటిని లాగడానికి ముందు వరస కూలుతుంది. అందుకే రెండు స్టాండ్లనూ ఒకే లోతులో చేయమని వడ్రంగి అందం కోసం అన్నా ఒప్పుకోవద్దు. అరల స్టాండు సన్నగా ఉంటే పది అడుగుల గదిలో మంచం పక్కన నడవడానికి దారి కూడా మిగులుతుంది.

ఎత్తులు

కింద 4 అంగుళాలు వదిలి కింది పలక వస్తుంది. హ్యాంగర్ల స్టాండులో పై పలకకు, మధ్య పలకకు నడుమ 39 అంగుళాలు ఉంచండి. మధ్య పలక కింద సుమారు 33 మిగులుతుంది. రాడ్డు నడిమధ్యను పై పలక నుంచి 2½ అంగుళాలు దించి, వెనక అంచు నుంచి 11¾ అంగుళాల దూరంలో బిగించాలి. రాడ్డు పైకి ఆనిపోతే హ్యాంగర్ కొక్కెం ఎత్తి తీయడానికి సందు ఉండదు.

పై రాడ్డుకు చొక్కాలు, రోజు కట్టే చీరలు. చీర లెక్క చూడండి. 5½ మీటర్లు అంటే 216 అంగుళాలు. వెడల్పు 46 అంగుళాలకు అటూ ఇటూ. వెడల్పును మూడు మడతలు వేస్తే 15 అంగుళాల పైన వస్తుంది, హ్యాంగర్‌లో ఒదుగుతుంది. సగానికి మడిస్తే 23 వచ్చి రెండు వైపులా వేలాడి నలుగుతుంది. పొడవును రెండుసార్లు సగం చేస్తే 54. అది హ్యాంగర్ పట్టీ మీద పడితే అటు 27, ఇటు 27. పట్టీ రాడ్డు కింద 8 అంగుళాల్లో ఉంటుంది కాబట్టి మొత్తం 35. పైన వదిలిన 2½ కలిపినా 39లో సరిపోతుంది. మధ్య పలక కింద వచ్చే రెండో రాడ్డుకు సగానికి మడిచిన ప్యాంట్లు, పిల్లల బట్టలు. చుడీదార్ టాప్ పొడవైనదైతే కింద పలకకు తగులుతుంది, దాన్ని మడిచి అరలోనే పెట్టండి.

31½ అంగుళాల రాడ్డుకు హ్యాంగర్ ఒక్కటికి అంగుళంపావు చొప్పున 25 పడతాయి. రెండు రాడ్లకు 50. ఇంతకన్నా ఎక్కించొద్దు. బిగువుగా నింపితే ఇస్త్రీ పోవడమే కాదు, మధ్యలో గాలి ఆడక చెమట వాసన పక్క బట్టలకూ పడుతుంది.

అరల స్టాండులో అన్ని అరలూ సమానంగా వద్దు. అన్నిటికన్నా కింది సందు 16 అంగుళాలు, దుప్పట్లకు. దాని పైన మూడు సందులు 13 చొప్పున. అన్నిటికన్నా పైది 14 దాటి మిగులుతుంది, అరుదుగా తీసేవాటికి. చొక్కాల దొంతర 12 అంగుళాలు దాటితే ఒరుగుతుంది, అందుకే 13. పది అంగుళాల వెడల్పుకు మడిస్తే ఒక అరలో మూడు దొంతరలు నిలుస్తాయి.

బిగింపు

ప్లై అంచులోకి నేరుగా మర దించి వదిలేస్తే ఒకసారి విప్పాక పట్టు పోతుంది. పొరలు చీలుతాయి. ఇల్లు మారేవాళ్ల సామానుకు అది పనికిరాదు. ఒక అంగుళం చదరం రీపరు, అంటే సన్న చెక్క కడ్డీ, తీసుకోండి. 28 అడుగులు తెస్తే కోతకు పోను 24 అడుగులు వస్తాయి. హ్యాంగర్ల స్టాండుకు 20 అంగుళాల ముక్కలు ఆరు, అరల స్టాండుకు 14 అంగుళాల ముక్కలు పన్నెండు. రీపరు పలక అంచుకు సమంగా, పలక కింద ఉండాలి. పలక పై నుంచి 32 ఎంఎం మరలు దించి, ఫెవికాల్ కూడా పెట్టి శాశ్వతంగా కలిపేయండి (ఊరికే పెట్టే మూడు అరలకు ఇది వద్దు, వాటి సంగతి కింద ఉంది). మర దించే ముందు 3 ఎంఎం బిట్టుతో చిన్న చిల్లు తప్పనిసరి, లేకపోతే రీపరు నిలువునా పగులుతుంది.

పక్క పలకకు మాత్రం మర వద్దు, బోల్టు వేయాలి. 6 ఎంఎం మందం, 50 ఎంఎం పొడవున్న గుండ్రటి తల బోల్టులు 24. తల బయటి వైపు, నట్టు లోపలి వైపు, మధ్యలో వాషరు. పక్క పలక 18, రీపరు 25, కలిపి 43. మిగిలిన 7లో వాషరు, నట్టు పట్టు కుదురుతుంది. నట్టు టోపీ రకం తీసుకోండి. మామూలు నట్టు కొస చీర దారాన్ని లాగేస్తుంది. హ్యాంగర్ల స్టాండులో మూడు పలకలూ బోల్టులకే. అరల స్టాండులో పైది, కిందిది, మధ్యలో ఒకటి బోల్టులకు. మిగతా మూడు అరల రీపర్లు పక్క పలకలకు లోపలి నుంచి 38 ఎంఎం మరలతో బిగించి, అరను ఊరికే వాటి మీద పెడితే చాలు.

వెనక పలక లేకపోతే స్టాండు పక్కకు వాలుతుంది కదా అని ఎవరైనా అంటారు. నిజమే, దానికే ఆ పట్టీలు. హ్యాంగర్ల స్టాండుకు వెనక పైన ఒకటి, మధ్య పలక కింద ఒకటి, 5 అంగుళాలవి. అరల స్టాండుకు పైన 5 అంగుళాలది, మధ్యలో 4 అంగుళాలది. ఒక్కోదానికి కొసకు రెండు చొప్పున నాలుగు ఎల్ క్లాంపులు (ఎల్ ఆకారంలో వంచిన ఇనప పట్టీలు). కింది పలక అడుగున ముందూ వెనకా 4 అంగుళాల పట్టీలు నిలబెట్టి, కొసకు ఒక క్లాంపు చాలు. ఈ పట్టీలకు మొత్తం 24 క్లాంపులు. వాటికి 16 ఎంఎం మరలు వంద. 18 ఎంఎం ప్లైకి 19 ఎంఎం మర వాడితే కొస అవతలికి పొడుచుకు రావచ్చు.

బిగించే వరస కూడా ముఖ్యం. పక్క పలకను నేల మీద పడుకోబెట్టి మొదలుపెట్టొద్దు. ఇద్దరు పక్క పలకలను నిలబెట్టి పట్టుకుంటే, ఒకరు కింది పలక, తర్వాత పై పలక బోల్టులు వదులుగా ఎక్కించాలి. వెనక పట్టీలు పెట్టాక మూలమట్టం చూసి, రెండు ఏటవాలు కొలతలు సమానమయ్యాక అన్నీ బిగించాలి. పై నుంచి ఒక మూల, కింద ఎదురు మూల టేపు పట్టండి, రెండో జతతో తేడా ఒక నూలు దాటకూడదు. పడుకోబెట్టి బిగించి లేపాలంటే 78 ఎత్తు, 33 వెడల్పుకు ఏటవాలు 84½ అంగుళాలు దాటుతుంది. పైన అటక ఏడడుగులకే ఉంటే కొస గీరుకుంటుంది.

రాడ్డుకు అంగుళం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు తీసుకోండి, లోపలి కొలత కన్నా ఒక నూలు తక్కువగా కోయించి, రెండు కొసలకు సాకెట్లు. ప్లాస్టిక్ సాకెట్లు వద్దు, వేసవి వేడికి పెళుసెక్కి ఒకరోజు మొత్తం రాడ్డుతో సహా కిందికి వస్తాయి. పీవీసీ కరెంటు పైపును రాడ్డుగా పెట్టేవాళ్లు ఉన్నారు, నెలలోనే విల్లులా వంగుతుంది.

గోడకు పట్టు: గోడకు, స్టాండుకు మధ్య రెండంగుళాలు వదలండి. మిగిలిన ఒక 4 అంగుళాల పట్టీలోంచి చిన్న దిమ్మలు కోసి ఆ సందులో పెట్టి, వెనక పై పట్టీ నుంచి గోడకు ఎల్ క్లాంపు బిగించాలి. 8 ఎంఎం ప్లగ్గు, 50 ఎంఎం మర. గోడ పూత అర అంగుళం దాకా ఉంటుంది, ప్లగ్గు పూతలోనే ఆగిపోతే చేత్తో లాగినా వస్తుంది, ఇటుకలోకి దిగాలి. బిట్టు తిరుగుతుంటే బూడిద రంగు పొడి వస్తే సిమెంటు సందు, ఎర్ర పొడి వస్తే ఇటుక. సందులో పడితే అంగుళం పక్కకు జరగండి. పాత నాటు ఇటుకకు డ్రిల్లు దెబ్బ కొట్టే మీట ఆపేసి, ఊరికే తిప్పి చిల్లు వేయాలి, లేకపోతే ఇటుక లోపలే నుగ్గవుతుంది. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా ఎప్పుడూ చిల్లు వేయొద్దు, కరెంటు పైపులు ఆ దారినే పోతాయి. మట్టి అడుసు గోడైతే ప్లగ్గు నిలవదు. అప్పుడు రెండు స్టాండ్లనూ పక్కపక్కన చేర్చి, వెనక అంచులు ఒకే వరసలో ఉంచి, పక్క పలకలను నాలుగు బోల్టులతో కలిపేయండి. బరువైనవన్నీ కింది అరల్లోనే పెట్టండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే అరల స్టాండును దేనికీ కట్టకుండా వదలకండి. అరలు మెట్లలా కనిపిస్తాయి, 15¾ లోతున్న స్టాండు ముందుకు పడటానికి ఎక్కువ బరువు అక్కర్లేదు.

అంచులు, పెయింటు, కాళ్లు

ముందు అంచులన్నిటికీ కలిపి 50 అడుగుల బీడింగ్ (అంచుకు అంటించే సన్న పట్టీ) పడుతుంది. పట్టు దారాలు పోవడానికి సగం కారణం గరుకు ప్లై అంచే. ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దాకే బీడింగ్ అంటించాలి.

పక్క పలకల అడుగు అంచు ఎవరూ చూడరు, కానీ స్టాండు ఆయుష్షు అక్కడే ఉంది. నేల తుడిచిన ప్రతిసారీ ప్లై ఆ అంచుతోనే నీళ్లు తాగుతుంది. ఎనామిల్ పెయింటు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనిచ్చి వేయండి. నాలుగు మూలలా రబ్బరు బుష్షులు, రెండింటికీ ఎనిమిది. గ్రానైట్ పని జరిగే చోట్ల అరంగుళం మందం ముక్కలు దొరుకుతాయి, వాటిని కాళ్ల కింద పెట్టుకుంటే ఇంకా మంచిది.

మొత్తానికి ప్రైమర్ రెండు లీటర్లు, ఎనామిల్ మూడు లీటర్లు సరిపోతాయి. పెయింటు ఆరగానే బట్టలు సర్దేయొద్దు. కిటికీ తెరిచి, ఫ్యాను వేసి వారం పది రోజులు ఖాళీగా వదలండి. ఆ వాసన ఒకసారి పట్టుకు ఎక్కితే రెండు మూడు నెలలు వదలదు.

తెరకు కొత్త గుడ్డ అక్కర్లేదు. రెండు పాత నూలు చీరలు చాలు. ఒక చీరలో 80 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి, చీర వెడల్పే తెర వెడల్పు అవుతుంది. స్టాండుకు రెండు ముక్కలు వేస్తే నిండుగా కుచ్చులు పడి దుమ్ము ఆగుతుంది, గాలి ఆగదు. నేలకు రెండంగుళాలు పైనే ఉండేలా కుట్టించండి. ఎలుకల బెడద ఉన్న ఇంట్లో మాత్రం తెరతో పని కాదు. అక్కడ వెనక పట్టీల మీద సన్న ఇనప జాలీ, ముందు జాలీ తలుపులు పెట్టించాలి.

విప్పిన బట్టలకు వేరే చోటు

కుర్చీల మీద పేరుకునేవి ఉతికిన బట్టలు కావు. ఒకసారి కట్టి, ఇంకోసారి కట్టుకోవచ్చు అనుకున్నవి. వాటికి చోటు చూపకపోతే ఎన్ని స్టాండ్లు చేయించినా కుర్చీలు ఖాళీ కావు. మన పాత ఇళ్లలో దీనికి చిలక్కొయ్యలు ఉండేవి. మిగిలిన 17¾ ముక్కల్లోంచి నాలుగంగుళాల పట్టీ తీసి, మనిషికి రెండు కొక్కేల చొప్పున వేసి, హ్యాంగర్ల స్టాండు బయటి పక్కకు బిగించండి. గోడ అక్కర్లేదు. చెమట బట్టలు తెర లోపలికి వెళ్లకూడదన్నది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

సర్దేటప్పుడు

గంజి పెట్టిన నూలు చీరలు, పంచెలు ఎక్కువ కాలం దాచాలంటే గంజి పోయేలా ఉతికి దాచండి. వెంకటగిరి చీరలున్నవాళ్లు ఇది తప్పక పాటించాలి. వెండి రంగులో జారిపోయే సిల్వర్ ఫిష్ పురుగులు, బొద్దింకలు గంజి కోసమే వస్తాయి, గంజితో పాటు గుడ్డనూ కొరుకుతాయి.

జరీ చీరలను హ్యాంగర్‌కు వేయొద్దు, బరువుకు జరీ లాగుతుంది. షాపువాళ్లు ఇచ్చిన పాలిథిన్ సంచిలోనే ఏళ్ల తరబడి ఉంచడం ఇంకా పెద్ద తప్పు. లోపలి తేమకు జరీ నల్లబడుతుంది. ఉతికిన పాత మల్లు పంచె ముక్కలో చుట్టి, మూడు నెలలకోసారి విప్పి, నీడలో గాలికి ఆరబెట్టి, ఈసారి వేరే చోట మడత వచ్చేలా మడవండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే చీర అక్కడే చిరుగుతుంది.

నాఫ్తలీన్ ఉండలు వాడితే గుడ్డలో కట్టి పై అరలో పెట్టండి. దాని ఆవిరి గాలి కన్నా బరువు, కిందికి దిగుతుంది. కర్పూరం, నాఫ్తలీన్ ఒకే చోట పెట్టకండి. విడివిడిగా గట్టిగానే ఉంటాయి గానీ రెండూ తగిలితే 32 డిగ్రీల దగ్గరే కరిగి నూనెలా కారతాయి. మన ఊళ్లో ఆ వేడి ఏడాదిలో సగం రోజులు ఉంటుంది, ఆ మరక పట్టు మీంచి పోదు. నాఫ్తలీన్ దగ్గర ఉంచిన బట్టలు పసిపిల్లలకు నేరుగా తొడగకూడదు. కొందరు పిల్లల్లో పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది, అలాంటివాళ్లకు ఆ వాసన రక్తాన్ని దెబ్బతీస్తుంది. పిల్లల బట్టల అరలో ఎండిన వేపాకు మూట చాలు. పచ్చిది పెడితే మరక పడుతుంది.

కింది అరలో నేరుగా బట్టలు కాకుండా, దుప్పట్లను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. అక్టోబరు రాకముందే ఆ డబ్బాలోవి ఎండలో వేసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. వేడి మీద మూస్తే లోపలే చెమ్మ పడుతుంది.

చివరగా, బిగించేటప్పుడే ప్రతి కీలు దగ్గర రెండు ముక్కల మీదా ఒకే అంకె పెన్సిల్‌తో వేయండి. ఇల్లు మారే రోజు బోల్టులు, టోపీ నట్లు, వాషర్లు ఒక గుడ్డ సంచిలో వేసి ఆ సంచిని హ్యాంగర్ రాడ్డుకే కట్టండి. అప్పుడు ముగ్గురు మనుషులు, ఒక స్పానర్, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే రెండు గంటల్లో కొత్త ఇంట్లో నిలబడతాయి.